వాల్వు కాంబోనా, మోడలింగ్ కాంబోనా? మన ఊళ్లలో ఏది గిట్టుబాటు?

అనంత_స్ట్రాట్:
ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తా, ముహూర్తాలుంటే పెళ్లి ఆర్కెస్ట్రాలు. మిగతా రోజులు ఇంట్లోనే ప్రాక్టీసు, గోడకు ఆ పక్క ఓనరు కాపురం. 1960ల నాటి ఫెండర్, వాక్స్ గిటారు యాంపుల (యాంప్లిఫయర్ల) సౌండు కావాలి: మెల్లగా మీటితే క్లీను, గట్టిగా కొడితే కొంచెం క్రంచ్, అంటే సౌండు కాస్త గరగరలాడాలి. బెంగళూరులో 15 వాట్ల వాల్వు కాంబో (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే యాంపు, స్పీకరు ఒకే పెట్టెలో) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉంది. అదే డబ్బుకు ఆ సౌండునే డిజిటల్‌గా అనుకరించే కొత్త మోడలింగ్ కాంబో వస్తుంది. ఏది కొనమంటారు?

కడప_బ్లూస్:
వాల్వే తీసుకో తమ్ముడూ, దీనికి ఆలోచనెందుకు? వాక్స్ ఏసీ15లో రెండు ఈఎల్84లు, ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో రెండు 6వీ6లు, అన్నీ పవర్ వాల్వులే. నువ్వడిగే క్రంచ్ అంతా వాటిని గట్టిగా తోలితే వచ్చేదే. గిటారు వాల్యూమ్ పది నుంచి ఆరుకు దించు, పెడల్ ముట్టకుండానే క్లీను అయిపోతుంది.

కేసీ_కెనాల్:
అన్నా, గట్టిగా తోలాలంటే ఎంత సౌండు పెట్టాలో కూడా చెప్పు. 15 వాట్లంటే చిన్నదనుకుంటారు. 30 వాట్ల దానికీ దీనికీ తేడా 3 డెసిబెల్సే. అది క్రంచ్‌కు వచ్చేలోపు ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటాడు. తగ్గించి వాయిస్తే పవర్ వాల్వులు నిద్రపోతుంటాయి, నీకు వినపడేది ప్రీయాంప్, అంటే వాటి ముందు దశ, మాత్రమే. దానికేనా ఇంత ఖర్చు? బాస్ కటానా 50 అనే మోడలింగ్ కాంబోలో అర వాటుకు దించుకునే స్విచ్చుంది. ఫెండరే 2019లో డీలక్స్ రివర్బ్‌ను టోన్ మాస్టర్ పేరుతో డిజిటల్‌గా తెచ్చింది. వాల్వుది 19 కిలోలు, ఇది పదిన్నర కూడా లేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు.

కడప_బ్లూస్:
బరువు చూసి సౌండు కొంటారా యాడన్నా? మోడలింగ్ దాంట్లో బోర్డు పోతే మన పక్క బాగుచేసేవాడు లేడు, బోర్డే మార్చాల. వాల్వు అయితే సాకెట్లోంచి పీకి ఇంకొకటి గుచ్చడమే. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లే ఒకప్పుడు ఈఎల్84లు చేసేవాళ్లు. పాత రేడియో మెకానిక్కులకు దీని గుణం కొత్తేం కాదు.

టవర్‌క్లాక్_అక్క:
మెకానిక్కు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. లోపల 300 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. పెద్దాయన ఎవరైనా ఉంటే సరే, సెల్‌ఫోన్ రిపేరు పిల్లోడి చేతికి మాత్రం ఇవ్వొద్దు.

ఇంక కరెంటు సంగతి. పెళ్లిలో శామియానా వెనక జనరేటరు వేయగానే సీరియల్ లైట్లు ఒక్కసారిగా వెలిగి మళ్లీ దిగుతాయే, చూసుంటావు. వాల్వును లోపల వేడిచేసే హీటరుకు కావాల్సింది 6.3 వోల్టులు. చాలా యాంపుల్లో అది నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వస్తుంది, కాబట్టి ఆ ఎగుడుదిగుడంతా దానికీ తగుల్తుంది. స్టెబిలైజర్ లేకుండా ఆర్కెస్ట్రాకు తీసుకుపోయేవాళ్లను చూస్తే నాకు భయం.

సౌండు విషయంలో మాత్రం కడపాయనదే రైటు, వేలి కింద ఆ స్పందన వేరే. కానీ తమ్ముడి వాడకం చూస్తే నా ఓటు మోడలింగ్‌కే. పన్నెండు అంగుళాల స్పీకరున్నది చూసుకో, ఎనిమిది అంగుళాలదైతే ఎంత మంచి మోడలింగైనా డబ్బాలో పాడినట్టుంటుంది. బెంగళూరు దానిమీంచి మనసు మళ్లకపోతే, డబ్బు పంపేముందు వెనక ప్లేటు ఫొటో అడుగు.

అనంత_స్ట్రాట్:
ఫొటో వచ్చిందక్కా. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది.

టవర్‌క్లాక్_అక్క:
అమెరికా నుంచి తెచ్చుకున్నదన్నమాట. నేరుగా మన 230లో పెడితే అక్కడికక్కడే పోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్) 50గానే ఉంటుంది. యాంపు లోపలిది 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మరైతే మామూలుకన్నా వేడెక్కుతుంది. అసలే అనంతపురం ఎండలు.

కడప_బ్లూస్:
ధర తగ్గించమని అడుగు తమ్ముడూ! మంచి స్టెప్‌డౌన్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది, ఏముంది దాంట్లో?

కేసీ_కెనాల్:
కాంబో, స్టెప్‌డౌన్, స్టెబిలైజరు. మూడూ ఆటోలోకి ఎక్కించడానికి కడప నుంచి నువ్వొస్తావా అన్నా?