నీళ్లలో పెట్టగానే ఫ్రీక్వెన్సీ జారిపోతున్న క్వార్ట్జ్ క్రిస్టల్: ఏం చేయాలి?

విశాఖలో ఎలక్ట్రోకెమిస్ట్రీ మీద పీహెచ్‌డీ చేస్తున్నానండి. మా ల్యాబ్‌కి కొత్తగా క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్ వచ్చింది. క్రిస్టల్ కంపించే ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గిందో చూసి, దాని మీద చేరిన అతి సూక్ష్మమైన బరువును కొలిచే పరికరం ఇది. 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, బంగారు పూత. సావర్‌బ్రే సమీకరణం ప్రకారం 1 హెర్ట్జ్ తగ్గితే చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాములు చేరినట్టు లెక్క.

గాలిలో బుద్ధిగా ఉంటుంది. ఒకవైపు నీళ్లు తగలగానే 700 హెర్ట్జ్ దాకా పడింది, అది మామూలే. గొడవంతా ఆ తర్వాతే. గంటకు 40 హెర్ట్జ్ జారుతోంది! ఏసీ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా గ్రాఫ్‌లో ఒక అల. నిన్న చూస్తే ఓ-రింగ్ (నీళ్లు కారకుండా క్రిస్టల్‌ను పట్టి ఉంచే రబ్బరు వలయం) అంచున ఆవగింజంత బుడగ కూడా అంటుకుని ఉంది.

రాగి పూత వేసి సరిచూస్తే, ఒక ఫారడే (ఒక మోల్ ఎలక్ట్రాన్ల) ఛార్జికి 31.8 గ్రాములు రావాల్సింది 27 దగ్గరే ఆగింది. తప్పు ఉష్ణోగ్రతదా, ఓ-రింగ్ బిగింపుదా, పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ వోల్టేజీని అదుపు చేసే పరికరం) ఎర్తింగ్‌దా? ముందు దేన్ని పట్టుకోమంటారు? చుట్టూ నీళ్లు తిప్పి ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే నీటి జాకెట్ ఉన్న సెల్ కొనమని గైడ్‌ గారిని అడగాలంటే టెన్షన్‌గా ఉంది, క్రిస్టళ్లకే బోలెడు ఖర్చయింది మరి.