“అనిపించింది”, “అనుకున్నా” ఒకటేనా?

(ముగ్గురి మాటలివి; పేర్ల బదులు వాళ్ల ఊళ్లు.)

ఆదోని: పాతకాలపు గ్రీకు తత్వవేత్త ఎపిక్టిటస్ బోధల చిన్న పుస్తకం ‘ఎన్‌కైరిడియన్’ ఐదో భాగంలో, మనుషుల్ని కలతపెట్టేది జరిగిన సంగతులు కాదు, వాటిమీద వాళ్ల తీర్పులే అని ఉంది. ఈ ‘తీర్పు’కు మన వాడుకమాట ఏది సార్? ‘తీర్పు’ అంటే కోర్టు గుర్తొస్తాంది.

కడప: ఒక్క మాటకు లొంగదన్నా. స్టోయిక్కుల (ఎపిక్టిటస్‌ది ఆ తత్వమార్గమే) లెక్కలో అక్కడ రెండు మెట్లు. ముందు మనసుకు ఏదో తోస్తుంది, అది ఫాంటసియా. తర్వాత దానికి మనం ఊకొడతాం, అది సుంకతాథెసిస్. తీర్పు పుట్టేది ఊకొట్టినప్పుడే. తెలుగులో రెంటికీ క్రియలున్నాయి: ‘నాకు అనిపించింది’, ‘నేను అనుకున్నా’. మొదటిదాంట్లో మనం కర్తలం కాదు, రెండోదాంట్లో మనమే.

మీ మార్కెట్ యార్డులోనే చూడండి. వేరుశనగ కుప్పకు వ్యాపారి క్వింటాలు మీద నిన్నటికన్నా 300 రూపాయలు తక్కువ రాసినాడు. వెంటనే నోటికొచ్చేది ‘ముంచినాడు’. చీటీలో ఉన్నది 300 ఒక్కటే, ముంచడం మనం కలిపింది. కాబట్టి ముందు ‘300 తక్కువ రాసినాడు’ అని అంకెతో ఆపాల. మిగతాదానికి ‘ముంచినాడనిపిస్తాంది’ అని తోక తగిలించాల. ఊకొట్టేముందు తేమ ఎంతుంది, గింజ ఎంత దిగింది, పక్క కుప్పకు ఎంత రాసినాడు అని కనుక్కోవాల. ధర మన చేతిలో లేదు, నచ్చకుంటే అమ్మకుండా ఆపుకోవడం మన చేతిలో ఉంది. దీన్ని ‘పోనీలే’ అనుకోవడంతో కలిపేస్తారు గానీ, అది వేరు.

45వ భాగం ఇంకా ముచ్చటైనది. ఎవడన్నా గబగబా స్నానం చేస్తే ‘సరిగా చేయలేదు’ అనొద్దు, ‘గబగబా చేసినాడు’ అను, అంటాడు. మనకు చిక్కేమంటే తీర్పు క్రియలోనే నానిపోయి ఉంటుంది: మొహం చాటేసినాడు, నోరు పారేసుకున్నాడు, ఎగ్గొట్టినాడు. వీటిని విప్పితే మిగిలేది: పలకరించలేదు, గట్టిగా మాట్లాడినాడు, ఇంకా ఇవ్వలేదు.

అనంతపురం: అసలు ఏమీ అనిపించకుండా చేసుకోవడమే కదా వాళ్ల సాధన?

కడప: కాదు సార్, చాలామంది తప్పేది అక్కడే. రోమన్ రచయిత ఔలుస్ గెల్లియుస్ రాసిన సంగతి ఉంది: తుఫానులో ఓడ ఊగిపోతుంటే అందులోని స్టోయిక్కు పండితుని మొహం కూడా పాలిపోయింది. ఎందుకని అడిగితే, ఎపిక్టిటస్ ‘ప్రసంగాల’ ఐదో పుస్తకం తీసి చూపించినాడంట (ఇప్పుడు మనకు మిగిలినవి నాలుగే). మొదటి అదురు జ్ఞానికైనా తప్పదు, ‘ఇది నిజంగా చెడు’ అని దానికి ఊకొట్టకపోవడమే తేడా అని అందులో ఉంది. అదురును నొక్కిపెట్టబోతే అది ఎటూ ఆగదు, పైగా ‘నాకు చేతకాలేదు’ అని ఇంకో తీర్పు వచ్చి చేరుతుంది.

ఆదోని: అయితే ‘అనుకోవడం’ అనే రాసేదా?

అనంతపురం: ‘వస్తాడనుకున్నా’ అంటే రాలేదనే అర్థమొస్తుంది కదన్నా. భూతకాలంలో ఆ మాట తప్పుడు తలపుకే పోతుంది.

కడప: నిజమే. ‘ఊకొట్టడం’ అందామంటే, కథ వింటూ నమ్మకుండా కూడా ఊకొడతాం. నేనైతే ‘సరేననడం’ పెడతా.