బ్రిటన్ పబ్బులనూ బీరు ఉత్సవాన్నీ ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న (నెల్లూరు సభ్యుడు):
అందరికీ నమస్కారం. నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మా అమ్మాయి కేంబ్రిడ్జిలో ఉద్యోగం చేస్తున్నందువల్ల మే నెలలో అక్కడికి వెళ్లబోతున్నాను. నాకు తాగే అలవాటు లేదు. అయినా ఆ పాత పబ్బుల చెక్కపని, పూలు చెక్కిన కిటికీ అద్దాలు, గ్లాసులో బీరు రంగు చూసినప్పుడల్లా వాటిని శ్రద్ధగా ఫొటోలు తీయాలన్న కోరిక కలుగుతోంది. మసక గదుల్లో ఫ్లాష్ లేకుండా ఎలా తీయాలి? అనుమతి ఎవరిని అడగాలి? నా దగ్గర 35, 85 మిల్లీమీటర్ల లెన్సులు ఉన్నాయి.

జవాబు (కావలి సభ్యుడు, ప్రస్తుతం లండన్):
అన్నగారూ, వీధిలో నిలబడి పబ్బును బయటినుంచి తీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. లోపలి భాగం మాత్రం ప్రైవేటు స్థలం కనుక వద్దనే హక్కు యజమానికి ఉంటుంది. కౌంటరు దగ్గర ఒక లైమ్ సోడా తీసుకుని, కెమెరా చూపించి, ఏం తీయదలచుకున్నారో చెప్పండి. తాగనివారిని అక్కడ ఎవరూ వింతగా చూడరు.

తలుపులు తెరిచిన తొలి గంటలో, భోజనాల రద్దీకి ముందు వెళ్లండి. విక్టోరియా కాలపు పబ్బుల్లోని గరుకు అద్దాలు ఎండను మెత్తబరిచి గదంతా పరుస్తాయి కాబట్టి, కిటికీ పక్క బల్ల దగ్గర లెన్సు రంధ్రం బాగా తెరిచిన ఎఫ్ 2 వద్ద, కెమెరా కాంతి గ్రాహకత (ఐఎస్ఓ) 1600 తరచుగా సరిపోతుంది. రంగుల తేడాను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను కిటికీ వెలుగుకు కుదిర్చి, దీపాల పసుపును అలాగే ఉండనివ్వండి. ఆ పసుపును తుడిచేస్తే గది స్వభావమే పోతుందని నా నమ్మకం. కరెంటు మన దేశంలోలాగే 50 హెర్ట్జ్ కనుక, ఎల్ఈడీ దీపాల కింద చారలు పడకుండా షట్టర్‌ను 1/50 లేదా 1/100 సెకను వద్ద ఉంచండి.

కేంబ్రిడ్జిలోనే ఈగిల్ అనే పబ్బు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళం వారు కొవ్వొత్తులతో, లైటర్లతో రాసిన పేర్లూ అంకెలూ అక్కడి ఒక గది పైకప్పు మీద ఇప్పటికీ ఉన్నాయి. డీఎన్ఏ నిర్మాణం తేలిందని శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ 1953 ఫిబ్రవరిలో ప్రకటించింది కూడా ఆ పబ్బులోనే. ఆ పైకప్పుకు మీ 35 చాలదు, 20 మిల్లీమీటర్ల లెన్సు అద్దెకు తీసుకోండి. లండన్ వస్తే బ్లాక్‌ఫ్రయర్ అనే పబ్బును తప్పక చూడండి. 1875లో కట్టిన ఈ ముక్కోణపు భవనం లోపల సన్యాసుల రాగి శిల్పాలు, పాలరాయి గోడలు ఉంటాయి. దీన్ని కూల్చబోతే కవి బెట్జమన్ తదితరులు పోరాడి నిలబెట్టారు.

బయటి దృశ్యాలకు సాయంత్రం మంచిది. మే నెలాఖరులో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదికి అస్తమిస్తాడు, ఆపైన ముప్పావు గంట వరకూ ఆకాశంలో నీలం నిలుస్తుంది. నెల్లూరులో అంతసేపు దొరకదు.

జవాబు (ఒంగోలు సభ్యుడు):
నేను వాణిజ్య ప్రకటనలకు ఫొటోలు తీస్తాను కనుక గ్లాసు సంగతి మాత్రమే చెబుతాను. మన ప్రకటనల్లో బీరు గ్లాసు మీద నీటిబొట్లు చల్లడం మామూలే, అక్కడి సంప్రదాయ బీరు ఏల్‌కు మాత్రం ఆ పని దయచేసి చేయకండి. పీపాలోనే పులిసి, అదనపు గ్యాసు లేకుండా చేతిపంపుతో పైకి వచ్చే ఆ బీరును 11 నుంచి 13 డిగ్రీల వద్ద ఇస్తారు. అంత చల్లదనానికి గ్లాసు అంతగా చెమర్చదు, కాబట్టి బొట్లు చల్లిన ఫొటో అబద్ధం అవుతుంది. గ్లాసును కిటికీకి అడ్డంగా పెట్టి, వెనుక తెల్ల కాగితం ఏటవాలుగా నిలిపితే తేనె రంగు వెలుగుతుంది. దక్షిణ ఇంగ్లండులో నురగ పలచగా ఉండి త్వరగా తగ్గుతుంది కనుక, ఫోకస్ ముందే కుదుర్చుకుని ఆ తర్వాతే గ్లాసు తెప్పించుకోండి. లెన్సుకు తొడిగే పోలరైజర్ ఫిల్టరు గ్లాసు మీది మెరుపును తగ్గిస్తుంది కానీ గోడ అద్దాల్లోని ప్రతిబింబాన్ని తీసేయలేదు. అక్కడ మీరు నిలబడే చోటు మార్చుకోవలసిందే.

జవాబు (నెల్లూరు, మరో సభ్యుడు):
మే నెలలో అంటున్నారు కనుక కేంబ్రిడ్జి బీరు ఉత్సవం తేదీలు చూసుకోండి. 1974లో మొదలైన ఈ ఉత్సవం జీసస్ గ్రీన్ అనే మైదానంలో గుడారాల కింద జరుగుతుంది. పోసేవారు స్వచ్ఛంద కార్యకర్తలు. గ్లాసు మీద మూడో వంతు, సగం, పూర్తి పైంటు గీతలు ఉంటాయి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. మన రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె చేతులు మారే క్షణం కోసం మనం ఎలా కాచుకుంటామో, ఇక్కడ పీపా కుళాయి దగ్గర వంగిన కార్యకర్త గ్లాసు అందించే క్షణం కోసం అలాగే కాచుకోండి. జనం పలచగా ఉండే మధ్యాహ్నమే వెళ్లండి. పిల్లల ముఖాలు తల్లిదండ్రులను అడగకుండా తీయవద్దు.

నెల్లూరు సభ్యుడు:
ఎంతో మేలు చేశారు. ఇంకొక్క సందేహం. పబ్బుల ముందు వేలాడే బొమ్మల బోర్డులతో క్యాలెండరు వేసి అమ్మవచ్చునా?

కావలి సభ్యుడు:
అక్కడే జాగ్రత్త అవసరం. వారి 1988 నాటి కాపీరైటు చట్టం 62వ సెక్షను ప్రకారం భవనాలనూ, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న శిల్పాలనూ ఫొటో తీసి అమ్ముకోవచ్చు. బోర్డు మీది చిత్రలేఖనానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు, చిత్రకారుడు మరణించిన 70 ఏళ్ల వరకూ హక్కు కొనసాగుతుంది. వీధి దృశ్యంలో బోర్డు యాదృచ్ఛికంగా పడితే ఇబ్బంది లేదు. బోర్డే ప్రధానమైన ఫొటో అమ్మాలంటే పబ్బు వారి ద్వారా హక్కుదారు ఎవరో తెలుసుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.