ఆదివారం ప్రార్థనకు సెలవు: ఉద్యోగి హక్కా, యజమాని దయా?

జరీఅంచు:
బెజవాడ బీసెంట్ రోడ్డు ప్రాంతంలో ఒక వస్త్ర దుకాణంలో సూపర్‌వైజర్‌ని. దుకాణం పేరు అడగవద్దు. పట్టుచీరల కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి ఆదివారం ఉదయం చర్చికి వెళ్లి పన్నెండున్నరకు వస్తానని, బదులుగా మిగతా రోజుల్లో రాత్రి షట్టర్ దించేదాకా ఉంటానని అడిగింది. యజమాని కుదరదన్నారు. మాకు బేరాలన్నీ ఆదివారమే. పెళ్లివారు ఇంటిల్లిపాదీ దిగుతారు. పరుపు మీద చీర తరువాత చీర విప్పి చూపించాలి, వారు లేచాక జరీ నలగకుండా అదే మడతలో మళ్లీ పెట్టాలి. అది అందరికీ వచ్చే పని కాదు, ఆ అమ్మాయికి వచ్చు.

కానీ కార్తీకంలో మా దగ్గర నలుగురు అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు యూనిఫాం బదులు నల్లబట్టలు, గడ్డాలు, సాయంత్రం పూజకు గంట ముందే వెళ్లిపోవడం. దానికి ఎవరూ అర్జీ పెట్టిన గుర్తు కూడా లేదు. "అప్పుడు రూలు ఎక్కడికి పోయింది సార్?" అని ఆ అమ్మాయి అడిగితే నాకు నోట మాట రాలేదు. ఇది వివక్ష కిందికి వస్తుందా?

వన్‌టౌన్ వర్తకుడు:
రాదు. ఆదివారం పని ఉంటుందని చెప్పే ఉద్యోగంలోకి తీసుకుంటాం. మాల వేసుకున్నవాడు రద్దీ వేళ కౌంటర్ వదిలి పోవడం లేదు కదా. ఈమెకు ఒప్పుకుంటే రేపు ఒకరు శుక్రవారం నమాజు అంటారు, ఇంకొకరు శనివారం తిరుమల అంటారు. చివరికి గల్లాపెట్టె దగ్గర నేనొక్కడినే మిగులుతాను.

గుంటూరు ప్లీడరు:
ముందు మన చట్టం సంగతి. మతాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16(2) అధికరణ చెబుతుంది, అయితే అది ప్రభుత్వ ఉద్యోగాలకు. ప్రైవేటు దుకాణాన్ని కట్టడి చేసే అటువంటి సాధారణ చట్టం మనకు లేదు. ఉద్యోగి అవసరాన్ని బట్టి పనిలో తగిన సర్దుబాటు చేయాలన్న భావన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, మతం విషయంలో లేదు. అందువల్ల ఆదివారం ఉదయం ఇప్పించమని ఆ అమ్మాయి కోర్టుకెక్కితే నేరుగా చూపించడానికి సెక్షను లేదు.

మాల సంగతి వేరు. ప్రతిభతో నిమిత్తం లేకుండా ఒక వర్గం కార్మికుల పట్ల పక్షపాతం చూపడం అన్యాయమైన కార్మిక విధానమని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూలులో ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. చీరల దుకాణం సిబ్బందికి అది ఎంతవరకు పనికొస్తుందన్నది వాదించి తేల్చుకోవలసిందే.

అచ్చం ఇదే తగాదా అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ 1964 పౌరహక్కుల చట్టం 15 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ఉద్యోగి మతాచారానికి వీలు కల్పించాలని 1972లో సవరించారు. కానీ 1977లో హార్డిసన్ కేసులో, నామమాత్రం ఖర్చును మించితే యజమాని ఒప్పుకోనక్కరలేదని కోర్టు ఆ సవరణను నీరుగార్చింది. తరువాత గ్రాఫ్ అనే పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఆదివారాలు అమెజాన్ పార్సిళ్లు పంచనన్నాడు, చర్యలు మొదలయ్యాయి, 2019లో రాజీనామా చేశాడు. 2023 జూన్‌లో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా పాత గీటురాయిని సవరించారు: వ్యాపారానికి గణనీయమైన అదనపు ఖర్చు అవుతుందని యజమానే చూపించాలి, ఆ మతమంటే తోటివారికి గిట్టకపోవడం లెక్కలోకి రాదు. అలాగని గ్రాఫ్ నెగ్గినట్టు కాదు. కొత్త కొలతతో మళ్లీ చూడమని కింది కోర్టుకు పంపారు.

మగ్గం మీనాక్షి:
ప్లీడరు గారూ, గిట్టకపోవడం సంగతి సరే, మోయడం సంగతేమిటి? నేనూ చీరల కౌంటర్‌లోనే పనిచేస్తాను. పక్క మనిషి రాకపోతే ఆ పెళ్లివారూ, ఆ మడతలూ నా నెత్తినే పడతాయి. మా పిల్లలు బడి లేకుండా ఇంట్లో ఉండేది ఆ ఒక్క రోజే. వారికి అన్నం పెట్టి వస్తానంటే నాకు రెండు గంటలు ఇవ్వరు, ఎందుకంటే అది భక్తి కాదు. ఆమె దేవుడికి నేనెందుకు అద్దె కట్టాలి?

కృష్ణలంక కరకట్ట:
మీనాక్షి గారి బాధ నిజమే. అయితే అద్దె ఇప్పటికే ఒకవైపు నుంచి వసూలవుతోంది. సంక్రాంతికి దుకాణం మూస్తారు, ఆ సెలవు ఎవరైనా అడిగి తెచ్చుకున్నారా? అడగకుండానే అందేవారికి, అడిగేవారివన్నీ గొంతెమ్మ కోరికల్లాగే కనిపిస్తాయి. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు అన్ని మతాలవారూ కొండెక్కుతారు, ఆ అమ్మాయి ఆదివారం దగ్గరకు వచ్చేసరికి అందరికీ రూలు గుర్తొస్తుంది.

వన్‌టౌన్ వర్తకుడు:
వైమానిక దళంలో ఒక ముస్లిం ఉద్యోగి గడ్డం పెంచుకుంటానంటే 2016లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దేశాన్ని కాపాడేవారికే లేని వెసులుబాటు చీరలు అమ్మేవారికా?

గుంటూరు ప్లీడరు:
అది సాయుధ దళాల క్రమశిక్షణ. మీ గల్లాపెట్టెకు అంత కవాతు అవసరం లేదు. మతమే అర్హత అయిన ఉద్యోగాలూ ఉన్నాయి. ఇంద్రకీలాద్రి మీద అర్చకుడికీ, గుణదలలో ఫాదర్‌కూ మతం చూడక తప్పదు. మత సంస్థల పదవులకు 16(5)లో మినహాయింపు ఉన్నది అందుకే. చీరల దుకాణం ఆ జాబితాలోకి రాదు.

సచివాలయం మాజీ గుమాస్తా:
మాకు రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందు వెళ్లవచ్చని ఉత్తర్వులు వచ్చేవి. ఆఫీసులేమీ కూలిపోలేదు. ఇంకో ఏర్పాటు నాకు మరీ నచ్చేది: ఏ మతం వారైనా ఐచ్ఛిక సెలవుల జాబితాలోంచి ఏడాదికి ఐదు ఎంచుకోవచ్చు. కారణం అడిగేవారు కాదు. ఆదివారం ఉదయాన్ని కూడా అలాగే వంతులు వేయండి. ఎవరి వంతు వారిది, చర్చికి వెళ్తారో, పిల్లలకు అన్నం పెడతారో వారి ఇష్టం.

కృష్ణలంక కరకట్ట:
వంతులు వేస్తే ఆమెకు నెలకు ఒక ఆదివారం దక్కుతుంది. ప్రార్థన వారం వారం ఉంటుంది. అందరినీ ఒకే గాటన కట్టడం సమానత్వంలా కనిపిస్తుంది కానీ, ఆమె అడిగింది మాత్రం అది కాదు.

మగ్గం మీనాక్షి:
నా పిల్లల ఆకలీ వారం వారం ఉంటుందండీ.

జరీఅంచు:
నెలకు రెండు ఆదివారాలు ఆ అమ్మాయికి, మిగిలినవి అడిగినవారికి అని కాగితం మీద వంతులు వేసి యజమానికి చూపించాను. మాల వేసుకునేవారి గంటను కూడా అందులోనే రాశాను. "దాన్ని ఎందుకు కలిపావు?" అన్నారు. కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.

వన్‌టౌన్ వర్తకుడు:
ఒప్పుకోకపోతే ఆ అమ్మాయిని మా దుకాణానికి పంపండి. జరీ నలగకుండా మడత పెట్టే మనిషి దొరకడం లేదు. ఆదివారం సంగతి మాట్లాడుకుందాం.