ఆర్‌వీకి జనరేటరా, సోలారా? ఎటూ తేల్చుకోలేకపోతున్నా

చక్రాల_ఇల్లు:
ఆర్‌వీ (లోపలే ఉండి, పడుకునే ఇల్లులాంటి బండి) కొత్తగా కొన్నాం. హుకప్ (బండికి బయటి నుంచి కరెంటు ఇచ్చే కనెక్షన్) లేని చోట మూడు నాలుగు రోజులు ఉండాలని ప్లాన్. మావాళ్ళేమో జనరేటర్ అంటున్నారు, నాకా మోత పడదు, సోలార్ వైపే లాగుతోంది మనసు. వాడేది 12 వోల్టుల ఫ్రిజ్, లైట్లు, వాటర్ పంపు, లాప్‌టాప్, ఫోన్లు. ఆ, ఏసీ కూడా ఉందనుకోండి, 13,500 బీటీయూ కెపాసిటీది. 200 వాట్ల ప్యానెల్‌తో నడిచిపోతుందా?

ఎండపొద్దు:
"ఏసీ కూడా ఉందనుకోండి" అని చివర్లో మెల్లగా అన్నారు చూడండి, లెక్కంతా అక్కడే ఉంది 😀 అది నడిచినంతసేపు 1300 నుంచి 1500 వాట్లు లాగుతుంది, మీ ప్యానెల్ మంచి ఎండలో రోజంతా కష్టపడి 800 వాట్ అవర్లు ఇస్తే గొప్ప, అంటే అరగంట ఏసీ, అంతే. ఏసీ వదిలేస్తే ఫ్రిజ్‌కి రోజుకి ఓ 500, మిగతావాటికి 200 వేసుకోండి, బొటాబొటిగా సరిపోతుంది కానీ మబ్బు పడితే గోవిందా. 400 వాట్లు పెట్టుకోండి. ప్యానెల్ కంటే ముందు బ్యాటరీ చూసుకోండి, 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, లిథియం అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కాకపోతే సున్నా డిగ్రీల కింద లిథియంని చార్జ్ చెయ్యకూడదు.

చెట్టుకింద:
400 వాట్లు రూఫ్ మీద పెట్టుకుని, చల్లగా ఉంటుంది కదా అని చెట్టు కింద పార్క్ చేసిన తెలివైనవాణ్ణి నేనే. మిట్టమధ్యాహ్నం సోలార్ కంట్రోలర్ మీటర్‌లో చూస్తే 35 వాట్లు! ప్యానెళ్ళని సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే ఒక్క కొమ్మ నీడ కూడా బాగా దెబ్బకొడుతుంది. ఇప్పుడు ఒక ప్యానెల్ విడిగా పెట్టుకున్నా, పొడుగు వైరుతో ఎండలోకి లాగుతా, పూటపూటకీ తిప్పుతా, అదో పని.

మోతమాస్టర్:
ఏసీ కావాలంటే జనరేటర్ తప్పదు. ఇన్వర్టర్ రకం జనరేటర్ తీసుకోండి, మోత బాగా తక్కువ. 2000 వాట్లది ఏసీ స్టార్టయ్యేటప్పుడు ఆ జర్క్‌కి ట్రిప్ అవ్వచ్చు, ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ (ఆ జర్క్ తగ్గించే పరికరం) వేయిస్తే లాగుతుంది. మాకు రెండూ ఉన్నాయి, పొద్దున్నే బ్యాటరీ బాగా దిగిపోయి ఉన్నప్పుడు ఓ గంట జనరేటర్, తర్వాత సోలార్‌కి వదిలేస్తాం, ఎందుకంటే లెడ్ యాసిడ్‌లో ఆఖరి 20 శాతం నత్తనడకే, దానికోసం పెట్రోలు తగలెయ్యడం దండగ. ప్రయాణం అయ్యాక జనరేటర్ ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చెయ్యండి, నెలల తరబడి అలాగే వదిలేస్తే జిగురు పట్టి చచ్చినా స్టార్టవ్వదు. పొగ గొట్టం మాత్రం బండికి దూరంగా అటువైపు తిప్పి పెట్టండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, లోపల అలారం పెట్టకుండా పడుకోవద్దు.

చక్రాల_ఇల్లు:
థ్యాంక్సండీ. ముందు 400 వాట్లు, లిథియం పెట్టి ఏసీ లేకుండా చల్లటి చోటికి వెళ్ళొస్తాం. ఇంతకీ ఆ సాఫ్ట్ స్టార్టర్ మనమే బిగించుకోవచ్చా?

మోతమాస్టర్:
వైరింగ్ తెలిస్తే చేసుకోవచ్చు, రూఫ్ మీద ఏసీ కవర్ తీసి కలపాలి. పవర్ ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది, అది దింపకుండా వేలు పెట్టకండి. నాకు ఒకసారి తగిలింది.