యెల్లోనైఫ్‌లో పాత పిస్టన్ కార్గో విమానాల మీద ఉద్యోగం: చేరాలా, తిరిగొచ్చేయాలా?

నల్గొండ_సీపీఎల్:
అందరికీ నమస్కారం. కెనడాలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్), మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అయిపోయాయి. వర్క్ పర్మిట్ ఉంది. కెనడా ఉత్తరాన యెల్లోనైఫ్‌లో ఒక కార్గో కంపెనీ రమ్మంది. ముందు ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు) మీద పని: సరుకు ఎక్కించడం, రెక్కల మీద మంచు దులపడం, ఇంజిన్లు వేడి చేయడం. తర్వాత "ఖాళీ వచ్చినప్పుడు" డీసీ-3 మీద కుడి సీటు, అంటే కో-పైలట్ పని, ఇస్తారట. ఆ విమానం రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఇంట్లో నాన్న చేసిన అప్పుకు ఈఎంఐ మొదలైంది. ఢిల్లీలో ఉన్న ఫ్రెండేమో ఇండియా వచ్చేసి ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం ఎయిర్‌బస్ జెట్ నడిపే అర్హత) చేసుకోమంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

ఎయిర్‌బస్_కావలి:
మీ ఫ్రెండ్ మాట విను బ్రో. "ఖాళీ వచ్చినప్పుడు" అంటే ఎప్పుడో వాళ్లకే తెలియదు. పైలట్ లైసెన్స్ ఉన్నవాడి చేత బస్తాలు మోయించుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. పైగా ఆ గంటలతో ఇక్కడికొస్తే ఇంటర్వ్యూలో ముచ్చటపడి వింటారు, ఆ తర్వాత ఏ320 రేటింగ్ ఉందా అని అడుగుతారు. ఆ రేటింగ్ ఖర్చు నీకు ఎటూ తప్పదు. అలాంటప్పుడు మధ్యలో ఈ చలి ఎందుకు?

ఉత్తరం_గాలి:
నేను ఇక్కడే ఎగురుతున్నాను, ర్యాంప్ నుంచే వచ్చాను. మోసం అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మైనస్ 40లో రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చుట్టూ వలయంలా ఉండే పాత పిస్టన్ ఇంజిన్) స్టార్ట్ చేయడం ఏ సిమ్యులేటర్‌లోనూ రాదు. రాత్రంతా ఇంజిన్ల మీద దుప్పట్లు కప్పి ఉంచుతాం. పొద్దున హీటర్ గొట్టాలు వాటి కిందకి దూర్చి గంటల తరబడి కాపలా కాస్తాం. ఆ తర్వాత ప్రొపెల్లర్‌ను చేత్తో ఒక్కో బ్లేడే తిప్పాలి. ఆగిన ఇంజిన్లో ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగి కూర్చుంటుంది కదా, బ్లేడు బిగుసుకున్నట్టు చేతికి అనిపిస్తే అక్కడికక్కడే ఆపి, కింది స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆయిల్ వంపేయాలి. బలం పెట్టి తిప్పావా, లోపల కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది ఆ రోజే తెలియదు, తర్వాతెప్పుడో గాల్లో తెలుస్తుంది. ఈ పని చేసినవాడు కుడి సీట్లో కూర్చుంటే ఇంజిన్ శబ్దం వేరేగా వింటాడు.

ఇక ఇంత పాత విమానాలు ఇంకా ఎందుకు అంటారా. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎవర్ట్స్ కార్గో కంపెనీ వాళ్లు డీసీ-6లు, సీ-46లు లాంటి పాత పిస్టన్ విమానాలు సరదాకి నడపలేదు. రోడ్డు లేని ఊళ్లు, కంకర రన్‌వేలు. నదిలో పడవలు ఎండాకాలంలోనే తిరుగుతాయి. ఊరికి కావాల్సిన డీజిల్ గాల్లో రావాల్సిందే. మామూలు జెట్ ఇంజిన్ ఆ కంకరను లోపలికి పీల్చుకుంటుంది. పాత విమానానికి అప్పు ఎప్పుడో తీరిపోయింది, వారానికి కొన్ని గంటలే ఎగిరినా గిట్టుబాటవుతుంది.

ఎయిర్‌బస్_కావలి:
అవసరం తగ్గుతోందన్న సంగతి కూడా చెప్పాలి కదా అన్నా. మెకంజీ నది మీద డే చో వంతెన 2012 నవంబరులో తెరిచారు. అంతకుముందు నది గడ్డకట్టేటప్పుడు, కరిగేటప్పుడు ఫెర్రీ ఉండదు, మంచు రోడ్డూ ఉండదు, యెల్లోనైఫ్‌కి సరుకు విమానాల్లోనే వచ్చేది. ఇప్పుడు ఆ రోజుల్లోనూ లారీలు వస్తున్నాయి. పాత పిస్టన్ విమానాలకు పేరుపడ్డ బఫెలో ఎయిర్‌వేస్ అంతటి వాళ్లే 737 కార్గో జెట్ తెచ్చుకున్నారు. ఇక సీసం కలిసిన ఏవియేషన్ పెట్రోల్‌ను అమెరికా 2030 చివరికల్లా, అలాస్కాలో 2032కల్లా ఆపేయాలని చూస్తోంది. ఆ ఇంజిన్లకు సరిపడే మరో పెట్రోల్ దొరక్కపోతే ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది?

ఉత్తరం_గాలి:
నేనేమైనా అక్కడే రిటైర్ అవ్వమన్నానా? రెండేళ్లు చేసి ఏటీఆర్ (చిన్న ప్యాసింజర్ టర్బోప్రాప్ విమానం) మీదికి వెళ్లిపోయిన వాళ్లు బోలెడంత మంది. మా బ్యాచ్‌లో సగం అలాగే వెళ్లారు.

బేగంపేట_పాతకాపు:
కొంచెం దారి తప్పుతున్నాను, ఏమనుకోకండి. డీసీ-3 అంటే మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు. 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఈ డకోటాలే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరున్న ప్రేమ్ మాథుర్ అందులోనే కో-పైలట్‌గా చేరారు. అవతల సీ-46లైతే యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోశాయి. సరే, కానివ్వండి.

మాజీ_ర్యాంప్:
పెట్రోల్, వంతెనల సంగతి తర్వాత. ముందు ప్రాణం మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నా. 2013 ఆగస్టు 19న యెల్లోనైఫ్‌లో టేకాఫ్ అయిన డీసీ-3లో 24 మంది ఉన్నారు. కుడి ఇంజిన్లో మంట లేచింది, వెనక్కి తిప్పారు, రన్‌వే దాకా రాలేక పడిపోయింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, అదృష్టం. 2024 ఏప్రిల్ 23న ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఇంధనం మోసుకెళ్తున్న డీసీ-4 కూలి పైలట్లు ఇద్దరూ పోయారు.

ఉత్తరం_గాలి:
ఆ 2013 రిపోర్టు పూర్తిగా చదివారా అండీ? బరువు లెక్క సరిగా వేయలేదు, పరిమితికి మించి బరువుంది అని రాశారు. విమానం పాతదైనందుకు కాదు.

మాజీ_ర్యాంప్:
చదివాను, మీరు సగం చెప్పారు. సిలిండర్‌లో ముందునుంచే ఉన్న పగులు వల్లే మంట వచ్చింది. ప్రొపెల్లర్ పూర్తిగా ఫెదర్ కాలేదు (బ్లేడ్లు గాలికి అడ్డం పడకుండా అంచు తిరగలేదు), గాలికి ఊరికే తిరుగుతూ వెనక్కి లాగింది. దానికి తోడు బరువు. అంటే పాత ఇనుమూ ఉంది, ఆఫీసు అలవాట్లూ ఉన్నాయి. రెండోది మార్చుకోవచ్చు, నా బాధ అదే.

నేను పని చేసిన చోట (పేరు వద్దు) రాత్రి పూట వచ్చిన పెట్టెలను తూకం వేయకుండా కంటి అంచనాతో రాసేవాళ్లు. "ఇది మొన్నటి లాంటి లోడే" అనేవాళ్లు. ఎక్కించేది మనం, కాగితం మీద సంతకం ఇంకొకరిది. కుడి సీటు ఆశ పెట్టుకున్న కుర్రాడు తూకం వేద్దాం సార్ అని ఎలా అంటాడు? అన్నవాడి పేరు లిస్టులో కిందికి పోతుందన్న భయం. ర్యాంప్ పని తప్పని నేను అనను. కానీ ప్రమోషన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఎదురు చెప్పాల్సిన పని అది. నేర్చుకోవడం గురించి ఇంత రాసిన అన్న ఈ ముక్క ఎందుకు వదిలేశారు?

ఉత్తరం_గాలి:
మా దగ్గర ప్రతి ప్యాలెట్ తూకానికి వెళ్తుంది. అన్ని చోట్లా అంతేనని మాత్రం నేను పూచీ ఇవ్వలేను. తమ్ముడూ, చేరే ముందు ఒకసారి వెళ్లి చూడు. తూకం మెషీన్ వాడకంలో ఉందా, మూలన పడి ఉందా అన్నది చూస్తే తెలిసిపోతుంది.

నల్గొండ_సీపీఎల్:
అందరికీ థాంక్స్. ర్యాంప్ కాలం ఎంతో రాసివ్వమని మెయిల్ పెట్టాను, కుదరదన్నారు. ట్రైనింగ్ బాండ్ (గడువులోపు మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం) మాత్రం రాసి పంపారు!

ఎయిర్‌బస్_కావలి:
చూశావా. వాళ్లు నీకు మాట ఇవ్వరు, నువ్వు మాత్రం కాగితం మీద ఇవ్వాలి.

మాజీ_ర్యాంప్:
బాండ్ ఏ రోజు నుంచి మొదలవుతుందో చూడు. కుడి సీట్లో కూర్చున్న రోజు నుంచైతే పర్వాలేదు. ర్యాంప్ మీద చేరిన రోజు నుంచైతే సంతకం పెట్టకు. కిందటి చలికాలం చేరిన ర్యాంప్ కుర్రాళ్లలో ఇద్దరి నంబర్లు అడుగు, అందులో ఒకరు మానేసినవాడై ఉండాలి.

నల్గొండ_సీపీఎల్:
చేరిన రోజు నుంచే అని ఉంది. మార్చమని అడుగుతా. నంబర్లు కూడా అడుగుతా. వాళ్లు ఏమన్నారో వచ్చి రాస్తాను. అప్పటిదాకా ఢిల్లీ ఫ్రెండ్‌కి ఏమీ చెప్పను.