సర్వేలో చెప్పింది నిజమా, కొట్లో కొన్నది నిజమా?

పర్లాకిమిడి కొట్టు:
పోయిన వారం మా వీధికి ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని సర్వే అని వచ్చాడు. నా కొట్టు మెట్టు మీదే నిలబడి, సరుకులు తీసుకుని వెళ్తున్న ఒకావిడని ఏ సబ్బుపొడి వాడతారని అడిగాడు. ఆవిడ తడుముకోకుండా ఖరీదైన దాని పేరు చెప్పింది. అప్పుడే నేనిచ్చిన పది రూపాయల చవక పేకెట్టు సంచిలోంచి పైకి కనిపిస్తూనే ఉంది, వాడు తలెత్తి చూస్తే కదా. ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. జనం ఏం కొంటారో తెలియాలంటే నా ఖాతా పుస్తకం చూడాలి గానీ నోటితో అడిగితే అబద్ధమే వస్తుంది.

బరంపురం మాస్టారు:
నిజమే. 1985లో కోకా-కోలా వాళ్ళు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి, కొత్తదే బాగుందన్నారని ఏప్రిల్‌లో పాతది ఆపేశారు. జనం గోల పెడితే 79 రోజులకి మళ్ళీ పాతదే తెచ్చారు. గుక్కెడు తాగి బాగుందనడం వేరు, అలవాటైనది పోతే ఊరుకోవడం వేరు.

గుణుపురం అమ్మాయి:
బాబాయ్, అబద్ధం అనకండి. నేను రాయగడ జిల్లాలో రెండేళ్ళు ఈ పనే చేశాను. కొట్టు ముందు నలుగురిలో అడిగితే ఎవరైనా పరువు చూసుకునే చెప్తారు. తప్పు ఆవిడది కాదు, అడిగిన చోటుది, అడిగిన తీరుది. మేము ఇంట్లో కూర్చుని, ఏం వాడతారని కాకుండా ఆఖరిసారి ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు అని అడిగేవాళ్ళం, ఖాళీ పేకెట్టు ఉంటే చూపించమనేవాళ్ళం. ప్రభుత్వం 2022-23లో చేసిన ఇంటి ఖర్చుల సర్వేలో కూడా అన్నీ ఒకేసారి అడిగితే మనిషి విసిగిపోయి ఏదో ఒకటి చెప్తాడని మూడు విడతలుగా వెళ్ళారు. కూరగాయలు, నూనె లాంటివి 7 రోజుల లెక్క, బియ్యం పప్పులు 30 రోజులది, బట్టలు, చెప్పులు ఏడాదిది.

రాయగడ నుంచి:
నూనె 7 రోజులకా? మేము నెలకోసారి డబ్బా కొంటాం. ఆ వారం కొనకపోతే సున్నా రాస్తారా?

గుణుపురం అమ్మాయి:
కొన్నది కాదండీ, వండుకున్నది రాస్తారు.

రాయగడ నుంచి:
వండుకున్నది ఎవరు కొలిచి పెట్టుకుంటారమ్మా? మా ఆవిడ కంటితోనే పోస్తుంది. ముందు నా నూనె సంగతి తేల్చండి.

పర్లాకిమిడి కొట్టు:
నూనె పక్కన పెట్టండి. కొట్లలో లెక్క తీయడమనే పద్ధతి కంపెనీలకే ఉంది. ముందున్న సరుకు, మధ్యలో వచ్చింది కలిపి, మిగిలింది తీసేస్తే అమ్మింది తేలుతుంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ మధ్య ఒక డీలరు సర్వేలో మీ వీధివాళ్ళు పెద్ద పేకెట్లే అడిగారని చెప్పి నాకు పది పెట్టెలు అంటగట్టాడు. సగం అట్టలు ఎలుకలు కొట్టేశాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ఆ నష్టం నీ సర్వే భరిస్తుందా?

గుణుపురం అమ్మాయి:
ఆ డీలరు చేసిన దానికి నేను జవాబు చెప్పలేను. కానీ మీ పుస్తకం గురించి చెప్తాను. మా నాన్న కూలి డబ్బులు వారానికోసారి వచ్చేవి, సరుకులన్నీ అరువే. బాకీ ఉన్నన్నాళ్ళూ ఆ కొట్టాయన మా అమ్మ అడిగిన బియ్యం ఇచ్చేవాడు కాదు, అమ్ముడుపోని నూకలు తూచేవాడు. అమ్మ నోరెత్తితే మిగతావాళ్ళ ముందు బాకీ ఎంతో గట్టిగా చదివేవాడు. ఆయన పుస్తకం చూస్తే మా ఇంట్లో నూకలంటే ప్రాణం అనుకోవాలి.

పర్లాకిమిడి కొట్టు:
నన్ను వాడితో కలుపుతావా? కరోనాలో ఈ వీధి సగం నా అరువు మీదే తిన్నది. అప్పుడు మీ ట్యాబులవాళ్ళు ఒక్కరైనా వచ్చారా?

కాశీనగర్ కోడలు:
మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. మొన్న ఒకబ్బాయి ఒడియాలో గబగబా అడిగితే అన్నిటికీ హఁ అంది. ఇంట్లో లేని వాషింగ్ మెషీన్‌కి కూడా.

గుణుపురం అమ్మాయి:
బాబాయ్, మిమ్మల్ని అనలేదు. మీరు మనుషులని ఆదుకున్నారు, కాదనను. అరువుకి తెచ్చుకున్నది వాళ్ళు ఏరుకున్నది కాదు, ఇచ్చినది. అంతే నా మాట. ఆ సబ్బుపొడి ఆవిడదీ అరువేనా?

బరంపురం మాస్టారు:
ఇది చెప్పండి ముందు.

పర్లాకిమిడి కొట్టు:
అరువే. రాత్రి కొట్టు కట్టేశాక పుస్తకం తిరగేశాను. రెండేళ్ళలో అన్నీ పది రూపాయల పేకెట్లే. కానీ నాకు గుర్తున్న సంగతి ఒకటుంది. కొడుకు సూరత్ నుంచి డబ్బు పంపిన నెలలో ఆవిడ వచ్చి బాకీ అంతా కట్టి, ఆ మిగిలిన డబ్బుతో ఆ ఖరీదైనదే కేజీ పట్టుకెళ్తుంది. రొక్కం ఇచ్చి కొన్నది నేను పుస్తకంలో రాయను.